‘ఇవాళ బడిలో ఏం చేశావ్?’ ‘ఏం లేదు’: చిన్నపిల్లల మాటల్లోంచి వాళ్ళ చదువు తెలుసుకోవడం ఎలా

మూడేళ్ళు నిండి అంగన్‌వాడీకో నర్సరీకో వెళ్తున్న పిల్లను సాయంత్రం ‘ఏం చేశావమ్మా ఇవాళ?’ అని అడగండి. ‘ఏం లేదు’ అంటుంది, లేదంటే ‘ఆడుకున్నా’, ఇంకా గట్టిగా అడిగితే ‘అన్నం తిన్నా’. ఈ జవాబు విని చాలామంది తల్లిదండ్రులు అక్కడ ఏమీ చెప్పట్లేదనుకుంటారు. ఇంట్లో పలకా బలపం ముందేసుకుని కూర్చోబెడతారు. కొందరైతే ఏడాది మధ్యలోనే బడి మార్చేస్తారు. ఆ పిల్ల మాత్రం అదే రోజు గుడ్డు పొట్టు తనంతట తాను తీయడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ‘బరువు’, ‘తేలిక’ అనే రెండు మాటలు నేర్చుకుని ఇంటికొచ్చి ఉండొచ్చు. అడిగిన తీరుకు అవేవీ బయటికి రాలేదు, అంతే.

‘ఏం చేశావ్?’ అన్నది పెద్దవాళ్ళకే కష్టమైన ప్రశ్న. రోజంతా గుర్తు తెచ్చుకోవాలి, అందులో చెప్పదగ్గది ఏరుకోవాలి, వరుసలో పెట్టాలి, ఎదుటివాళ్ళకు ఏం తెలియదో ఊహించి చెప్పాలి. మూడేళ్ళ బుర్రకు ఈ నాలుగూ ఒకేసారి సాధ్యం కావు. పైగా ఆ వయసులో, తనకు తెలిసిందల్లా అమ్మకూ తెలుసనే అనుకుంటారు. తెలిసినదాన్ని మళ్ళీ చెప్పడం దేనికన్నది వాళ్ళ లెక్క. కాబట్టి పని మన వైపునుంచే మొదలుపెట్టాలి.

1. ముందు బడి రోజు ఎలా నడుస్తుందో మీరు తెలుసుకోండి

ఇది వదిలేస్తే మిగతా మెట్లేవీ పనిచేయవు. పిల్ల ‘ఏనుగు నీళ్ళు పోసింది’ అంటే, ఈ నెల బడిలో జంతువుల గురించి చెబుతున్నారని తెలిసినవాళ్ళకే ఆ మాట అందుతుంది. తెలియనివాళ్ళు ‘ఏనుగెక్కడిదే, అబద్ధాలు!’ అంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది.

టీచర్‌ను అడగాల్సినవి నాలుగైదే. ఈ నెల ఏ అంశం మీద నడుస్తోంది (కుటుంబం, పండ్లు కూరగాయలు, జంతువులు, వాహనాలు, వానాకాలం ఇలా సాధారణంగా నెలకో వారానికో ఒకటి ఉంటుంది)? ఈ వారం ఏ పాట, ఏ కథ? మా పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారు? స్వేచ్ఛగా ఆడుకోమన్నప్పుడు ఏ మూలకు వెళ్తుంది, బొమ్మల దగ్గరికా, ఇసుక దగ్గరికా, పుస్తకాల దగ్గరికా? తినడం, పడుకోవడం ఏ వేళకు? ఈ జవాబులు ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ మీదో గోడమీదో అంటించండి. ఇంట్లో నాన్నమ్మ, తాతయ్య, బాబాయి అందరికీ కనబడాలి.

ఉదయం పిల్లల్ని దింపేటప్పుడు ఇవి అడగొద్దు. ఏడుస్తున్న నలుగురిని ఊరడిస్తూ ఉండే టీచర్ ఆ వేళ ఏ జవాబూ సరిగ్గా చెప్పలేరు. తీసుకెళ్ళే వేళ రెండు నిమిషాలు ఆగండి. అంగన్‌వాడీల్లో నెలకోసారి ఈసీసీఈ (చిన్నపిల్లల సంరక్షణ, చదువు) డే పేరుతో తల్లుల్ని పిలిచి పిల్లలు చేసినవి చూపిస్తారు. పనిమానుకునైనా వెళ్ళదగ్గ రోజు అది.

‘అక్కడ ఊరికే ఆడిస్తారు’ అన్న ఫిర్యాదు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆడించడం బడి చేతకానితనం కాదు, అది కావాలని ఎంచుకున్న పద్ధతి. విద్యావేత్త గిజుభాయి బధేకా గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిర్ పెట్టినప్పటినుంచీ మన దేశంలో ఆట, పాట, కథ, చేతిపని మీద నడిచే బళ్ళున్నాయి. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకంలో పోషకాహారం, టీకాలతోపాటు బడికి ముందు చదువు కూడా ఒక సేవ. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశగా లెక్కగట్టింది. దాని ఆధారంగా 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పాఠ్యపుస్తకాలే పెట్టొద్దంది. నర్సరీ పిల్ల సంచిలో అయిదు పుస్తకాలుంటే సంతోషపడాల్సిందేమీ లేదు.

2. ఏ వయసులో ఎలా చెబుతారో తెలుసుకోండి

మూడేళ్ళవాళ్ళు ఇవాళ జరిగింది చెప్పరు, రోజూ జరిగేది చెబుతారు. ‘పాట పాడతాం, అన్నం తింటాం, బజ్జుంటాం.’ క్రియలన్నీ ‘తాం, తాం’ అని ముగుస్తాయి. అమెరికన్ మనోవైజ్ఞానికురాలు కేథరిన్ నెల్సన్, ఆమెతో పనిచేసినవాళ్ళు 1980ల ప్రాంతంలో దీన్ని చాలా లోతుగా పరిశీలించారు. పిల్లలు కొత్త చోటుకు వెళ్ళగానే ముందు అక్కడి ‘మామూలు’ను పట్టుకుంటారు. ఆమెతో పనిచేసిన రాబిన్ ఫివుష్ కిండర్‌గార్టెన్ (అయిదేళ్ళ ప్రాయపు) పిల్లల్ని బడిలో చేరిన రెండో రోజే అడిగితే, వాళ్ళు అప్పటికే ‘ఇది చేస్తాం, అది చేస్తాం’ అని రోజు నడక చెప్పగలిగారు. కాబట్టి మీ పిల్ల ‘అన్నం తింటాం, బజ్జుంటాం’ అనడం మొద్దుతనం కాదు. కొత్తచోటి క్రమాన్ని తలకెక్కించుకుంది, ఏ క్షణం తర్వాత ఏది వస్తుందో ఇప్పుడు ఆమెకు తెలుసు. ఏడుపు తగ్గేది కూడా తరచూ ఆ తర్వాతే.

నాలుగేళ్ళకు విడి సంఘటనలు వస్తాయి, అదీ మామూలు తప్పినవి. ఎవరో వాంతి చేసుకున్నారు, కోతి వచ్చింది, కరెంటు పోయింది. కాలం మాత్రం కలగాపులగం. జరిగిపోయిందంతా ‘నిన్న’, జరగబోయేదంతా ‘రేపు’. పోయిన సంక్రాంతి కూడా నిన్నే. ‘నిన్న కాదు, పోయిన వారం’ అని ప్రతిసారీ దిద్దితే చెప్పే విషయం జారిపోతుంది. ‘నిన్న’ను ‘ఎప్పుడో’ అని చదువుకుని వినండి.

అయిదేళ్ళవాళ్ళ మాటలో మన భాషకు ప్రత్యేకమైన కొన్ని గుర్తులు చెవినేసుకోవాలి. ‘చేతులు కడుక్కుని, ప్లేటు తెచ్చుకుని, కూచున్నాం’ అని క్రియల్ని గొలుసుకట్టుగా అల్లితే వరుస మనసులో నిలిచిందని అర్థం. ‘టీచర్ రమ్మంది’, ‘రవి తనదే అన్నాడు’ అంటూ ఇతరుల మాటను తన మాటలో చెబితే ఇంకో మెట్టు ఎక్కినట్టు. ‘మనం’, ‘మేం’ తేడా కూడా గమనించండి. అమ్మతో చెబుతూ ‘మేం ఇసుకలో ఆడాం’ అంటే, అమ్మ అక్కడ లేదు, ఆమెకు ఇది తెలియదు అన్న ఎరుక వచ్చిందన్నమాట. అప్పటినుంచి వివరాలు వాటంతట అవే పెరుగుతాయి.

3. వేళ, చోటు

గేటు దగ్గర అడగకండి. అప్పుడు పిల్లకు ఆకలి, దాహం, అలసట. ముందు నీళ్ళు తాగించి, ఏదైనా పెట్టి, ఓ అరగంట వదిలేయండి.

ఎదురుగా కూర్చోబెట్టి కళ్ళలోకి చూస్తూ అడిగితే పరీక్షలా ఉంటుంది. చేతులు వేరే పనిలో ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. చిక్కుడుకాయలు తుంచుతూ, స్నానం చేయిస్తూ, వీధిలో నడుస్తూ అడగండి. బండిమీద ముందు నిలబెట్టుకుని మాత్రం వద్దు (హారన్ల మధ్య ఏమీ వినపడదు, ప్రమాదం కూడా). అన్నిటికన్నా మంచి వేళ దీపం ఆర్పాక పక్కలో. పగలంతా నోరు విప్పనివాళ్ళు కూడా అప్పుడు గుసగుసగా ఏదో ఒకటి చెబుతారు. టీవీ, ఫోను ఆగి ఉండాలి, మీది కూడా.

4. అడిగే తీరు

ముందు మీ రోజు గురించి ఒక చిన్న సంగతి చెప్పండి. ‘ఇవాళ నా గొడుగు బస్సులో మర్చిపోయా. మళ్ళీ పరుగెత్తి తెచ్చుకున్నా.’ రెండు మూడు వాక్యాలు చాలు. సంగతి ఎలా చెప్పాలో పిల్లలకు తెలిసేది ఇలాగే. చాలాసార్లు ప్రశ్నే అక్కర్లేకుండా ‘నా సీసా కూడా పోయింది’ అని అందుకుంటారు.

అడిగితే ఒక్క వస్తువు గురించో ఒక్క మనిషి గురించో అడగండి, రోజు మొత్తం గురించి కాదు. గోడమీద అంటించిన చీటీ ఇప్పుడు పనికొస్తుంది. ఒక నాన్నమ్మ, నాలుగేళ్ళ మనవడు అన్నం దగ్గర మాట్లాడుకుంటే ఇలా సాగుతుంది:

— కన్నా, ఇవాళ గుడ్డు పొట్టు నువ్వే తీసుకున్నావా, ఆయమ్మ తీసిందా?

— నేనే.

— నువ్వే తీశావూ!

— అది రాలేదు. చిన్న చిన్నగా వచ్చింది.

— చిన్న చిన్న ముక్కలై వచ్చిందా పొట్టు?

— ఊఁ. చింటూది ఒకటే వచ్చింది, ఇంత! టీచర్ చప్పట్లు కొట్టింది.

— మరి నీది?

— నేను రేపు నీళ్ళలో వేస్తా. చింటూ నీళ్ళలో వేశాడు.

ఇందులో నాన్నమ్మ చేసిన పనులు చూడండి. తెలిసిన విషయంతో మొదలుపెట్టింది. రెండిట్లో ఒకటి ఎంచుకునే ప్రశ్న వేసింది. జవాబు రాగానే ఇంకో ప్రశ్న వేయకుండా పిల్లాడి మాటనే తిప్పి చెప్పి ఆగింది. అతను ‘చిన్న చిన్నగా వచ్చింది’ అంటే, ‘ముక్కలై’ అన్న మాట చేర్చి నిండు వాక్యం చేసి ఇచ్చింది, తప్పు పట్టలేదు. పిల్లాడు చెప్పినదాంట్లో వేళ్ళ నేర్పు ఉంది, పెద్దా చిన్నా పోలిక ఉంది, పక్కవాణ్ణి చూసి కారణం పట్టుకోవడం ఉంది, రేపటికి ఒక ఉపాయం ఉంది. ‘ఏం నేర్చుకున్నావు?’ అని అడిగి ఉంటే వీటిలో ఒక్కటీ వచ్చేది కాదు.

ఆగడం చాలామందికి చేతకాదు. ప్రశ్న వేశాక మనసులో నెమ్మదిగా ఎనిమిది దాకా లెక్కపెట్టండి. చాలాసేపనిపిస్తుంది. పిల్ల మాట వెతుక్కునేది ఆ వ్యవధిలోనే. రెండో అంకె దగ్గరే ‘చెప్పు, చెప్పూ’ అంటే వెతుకులాట మొదటికొస్తుంది. ఒక పూటకు రెండు మూడు ప్రశ్నలు దాటొద్దు.

ఇవేవీ పనిచేయకపోతే టీచరాట ఆడండి. పిల్లే టీచరు, మీరూ బొమ్మలూ పిల్లలు. ఆమె చాప పరుస్తుంది, ‘చేతులు కట్టుకోండి’ అంటుంది, పాట ఎత్తుకుంటుంది, ఎవరో అల్లరి చేస్తే ఏమంటుందో అదీ చేస్తుంది. నోటితో పది రోజులకు రాని సమాచారం పది నిమిషాల్లో వస్తుంది. మధ్యలో దిద్దకండి, చెప్పినట్టు వినే పిల్లల్లా ఉండండి. అయితే ఆటలో స్కేలు పట్టుకుని కొట్టినంత మాత్రాన బడిలో కొడుతున్నారని తేల్చేయొద్దు. అక్కను చూసో, టీవీ చూసో కూడా నేర్చి ఉండొచ్చు. మళ్ళీ మళ్ళీ అదే వస్తుంటే అప్పుడు ఏడో మెట్టు చూడండి.

5. వాళ్ళ మాటను చదువుగా వినడం

‘ఇసుకలో ఆడాం’, ‘నీళ్ళు పోశాం’ అంటే కొలత. చిన్న గ్లాసుతో నాలుగుసార్లు పోస్తే పెద్ద చెంబు నిండుతుందని చేతికి తెలిసింది. ‘మట్టితో పాము చేశా’ అంటే రాతకు కావలసిన వేళ్ళ బలం. పూసలు గుచ్చడం, కాగితం చింపి అతికించడం, గుండీలు పెట్టుకోవడం కూడా అదే ఖాతా. ‘నన్ను ముందు నిలబెట్టలేదు’ అని మూతి ముడిస్తే అదీ పాఠమే. వంతు, వరుస, ఓపిక నేర్చుకుంటున్నారు. ఈ మూడూ ఇంట్లో ఒక్కగానొక్క పిల్లకు నేర్పడం కష్టం.

‘గింజలు వేరుచేశాం’ అన్నదాని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది ఇంట్లో చేసి చూడదగ్గది. నాలుగేళ్ళు దాటిన పిల్లకైతే ఒక పళ్ళెంలో చిక్కుడు గింజలు, శనగలు, వేరుశనగ కాయలు పదేసి చొప్పున కలిపి, మూడు గిన్నెలు పెట్టండి. ఏ గిన్నెలో ఏది వేయాలో చెప్పకండి. మొదట రంగునుబట్టి వేస్తుంది, ఇంకోరోజు పరిమాణాన్నిబట్టి. ‘ఇవి ఎందుకు ఇక్కడేశావు?’ అంటే వచ్చే జవాబులోనే ఆమె తర్కం ఉంటుంది. ‘ఇవన్నీ గుండ్రం’ అన్నదా, ఆకారం పట్టుకుంది. ‘ఇవి అమ్మవి, ఇవి పాపవి’ అన్నా తప్పు కాదు, ఆమెకో నియమం ఉంది. నాలుగేళ్ళ లోపు పిల్లలకు గింజలు వద్దు. ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. శనగలాంటి గింజ తడికి ఉబ్బి తీయడం కష్టమవుతుంది, గొంతులో పడితే ప్రాణాపాయం. వాళ్ళకు పెద్ద సీసా మూతలు, ఆకులు, చెంచాలు ఇవ్వండి. పెద్ద పిల్లలైనా పక్కన మీరు ఉండాలి, అయిపోగానే గింజలు లెక్కచూసి తీసేయాలి.

అంకెలు. ‘మావాడు యాభై దాకా చెబుతాడు’ అన్నది పాట అప్పజెప్పడంలాంటిదే, లెక్క రావడం వేరు. పరీక్ష ఇలా: ముందు పది గింజలో మూతలో పోసి, ‘నాకు నాలుగు ఇవ్వు’ అనండి. గుప్పెడు తీసి ఇచ్చేస్తే నాలుగంటే ఎంతో ఇంకా తెలియదు. ఒక్కొక్కటే తీస్తూ ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని ఆగితే తెలిసింది. చాలామందికి ఇది నాలుగేళ్ళ ప్రాంతంలో కుదురుతుంది. కుదరకపోతే యాభై నుంచి వందకు వెళ్ళకుండా రెండు, మూడు దగ్గరే ఉండండి. ‘తాతయ్యకు రెండు ఇడ్లీలు వెయ్యి’, ‘మూడు గ్లాసులు తీసుకురా.’ లెక్కపెట్టేటప్పుడు వచ్చే తప్పులు రెండు. నోరు చేతికన్నా ముందు పరుగెత్తడం ఒకటి, లెక్కపెట్టినదాన్నే మళ్ళీ లెక్కపెట్టడం రెండోది. లెక్కపెట్టినదాన్ని ఒక పక్కకు జరపమంటే రెండూ తగ్గుతాయి.

కొన్ని తప్పులు విని సంతోషించాలి. ‘ఇరవై తొమ్మిది’ తర్వాత ‘ఇరవై పది’ అన్నాడంటే బట్టీ పట్టలేదు, అంకెల అల్లిక అర్థమై తనే కట్టుకున్నాడు. ‘రెండు పిల్లలు’ అన్నా అంతే. మనుషులకు ‘ఇద్దరు, ముగ్గురు, నలుగురు’ అని వేరే లెక్కుందని తెలుగులో నెమ్మదిగా వంటబడుతుంది. ‘ఓ, ఇద్దరు పిల్లలా?’ అని మీ జవాబులో సరైన మాట వినిపించండి, చాలు.

అక్షరాలు. వసంత పంచమికి బియ్యంలో ఓంకారం దిద్దించి, బాసర వెళ్ళొచ్చి, మర్నాటినుంచే నాలుగు గీతల పుస్తకం ఇచ్చేయడం మన దగ్గర మామూలైపోయింది. చేయి అప్పటికి సిద్ధంగా ఉండదు. సాధారణంగా మూడేళ్ళకు సున్నా చుట్టగలరు, నాలుగేళ్ళకు కూడిక గుర్తులాంటి అడ్డం నిలువు గీతలు, నాలుగున్నర అయిదేళ్ళకు చతురస్రం. తెలుగు అక్షరాలు గుండ్రాలే అయినా మలుపులెక్కువ, తలకట్టు పైన వేరే. అందుకే ఈ వయసులో అక్షరం ముందు చెవికి రావాలి. పేర్లకు చప్పట్లు కొట్టించండి. గుడ్డుకు రెండు, అరటికి మూడు, పుచ్చకాయకు నాలుగు, మామిడిపండుకు అయిదు. అది వచ్చాక ‘మా’తో మొదలయ్యేవి వెతకడం: మామిడి, మామయ్య, మాట. అయిదేళ్ళకు కలాన్ని మూడు వేళ్ళ మధ్య పట్టగలిగినప్పుడు రాయిస్తే, అ ఆ ఇ ఈ వరుసకన్నా ఒకే పోలిక ఉన్నవి కలిపి చూపడం తేలిక. ‘ప, వ, మ’ ఒక జట్టు, ‘ద, డ’ ఒక జట్టు. ఒకేరోజు కాదు. ఒకటి స్థిరపడ్డాక దాని పక్కన రెండోది, తేడా ఎక్కడుందో వేలితో చూపించమంటూ. పిడికిలితో పెన్సిల్ పట్టే పిల్ల చేత పేజీలు రాయిస్తే ఆ పట్టే అలవాటైపోతుంది, తర్వాత మాన్పించడం చాలా కష్టం. రెండంగుళాల బలపం ముక్క ఇవ్వండి. పొట్టిది పిడికిట్లో ఇమడదు, వేళ్ళు వాటంతట అవే ముందుకొస్తాయి.

బొమ్మలు. ‘ఇదేంటి?’ అని అడగకండి. మీకు అర్థం కాలేదని పిల్లకు తెలిసిపోతుంది. ‘ఈ బొమ్మ సంగతి చెప్పు’ అనండి. మూడున్నర, నాలుగేళ్ళ ప్రాంతంలో గీసే మనిషికి పెద్ద తల, దానికే నేరుగా కాళ్ళు ఉంటాయి. పొట్ట మర్చిపోయారని గీసి చూపించొద్దు, దాదాపు అందరు పిల్లలూ ఆ మెట్టు మీదుగానే వెళ్తారు. చెప్పిన మాటలు ఉన్నవున్నట్టు కాగితం కింద రాసి, తేదీ వేయండి. ‘ఇది అమ్మ. కోపం వచ్చింది. ఇది వాన.’ రాసింది వేలు పెట్టి చదివి వినిపిస్తే, తాను పలికిన మాట రాతగా మారుతుందన్న సంగతి పిల్లకు తెలుస్తుంది. చదవడానికి అంతకన్నా మంచి మొదలు లేదు.

6. చెడిపోయేది ఎక్కడ

చుట్టాల ముందు ‘రైము చెప్పమ్మా, కలర్స్ చెప్పు’ అనడం దగ్గర. చెప్పకపోతే ‘ఇంట్లో బాగా చెబుతుందండీ’ అనడం ఇంకా దెబ్బ. తాను ఓడిపోయినట్టు పిల్లకు తెలుస్తుంది, రెండోసారి బడి సంగతే ఎత్తదు.

ఉచ్చారణ దిద్దడం దగ్గర కూడా. మూడేళ్ళ పిల్ల ‘కాకి’ని ‘తాతి’ అనడం, ‘ర’ను ‘ల’గా పలకడం మామూలు. నవ్వి, ఆ పలుకును ముద్దుగా మీరూ అనుకరిస్తే సరైన మాట వినే అవకాశం పోతుంది. మీరు మామూలుగా ‘కాకి’ అనండి, ఆమెను మళ్ళీ అనమనకండి.

మూడోది ఇంగ్లీషు తొందర. ‘ఆపిల్’, ‘ఆరెంజ్’ వచ్చి, పెరట్లో ఉన్న జామ, సీతాఫలం పేర్లు రాని పిల్లలు ఇప్పుడు చాలామంది. పేరు రావడం వేరు, దాని గురించి నాలుగు వాక్యాలు చెప్పగలగడం వేరు. ఆ నాలుగు వాక్యాలు ఇంటి భాషలోనే ముందు వస్తాయి. 2020 విధానం వీలైనచోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించమన్నది ఇందుకే. బడిలో ‘రెడ్’ నేర్చుకుని వస్తే, ‘ఎరుపు కాదా’ అని దిద్దకుండా ‘అవును, ఎర్రగా ఉంది, మిరపపండులా’ అని కలపండి. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మనవరాలు వీడియో కాల్‌లో ముక్తసరిగా ‘గుడ్’ అని ఊరుకుంటుంటే, బడిలో చేసిన బొమ్మో కాగితమో చేతిలో పట్టుకుని కెమెరాకు చూపించమని వాళ్ళమ్మతో చెప్పండి. వస్తువు ఎదురుగా ఉంటే సగం ఇంగ్లీషులోనైనా మాట సాగుతుంది. ఆ సగం తెలుగును తాతయ్య నిండు వాక్యంగా తిప్పి ఇవ్వొచ్చు.

7. భయపెట్టే మాట విన్నప్పుడు

‘టీచర్ కొట్టింది’, ‘నేను బడికి పోను’, ‘ఆ అంకుల్ వద్దు.’ విన్న క్షణంలో మీ ముఖం మారకూడదు. పిల్లలు ముందు మన ముఖం చదువుతారు. ‘ఎవరు కొట్టారు? కర్రతోనా? ఎక్కడ? ఆ టీచరేనా?’ అని వరసగా అడిగితే, మీకు కావలసిందేదో అదే జవాబుగా వస్తుంది. అమెరికాలో మెక్‌మార్టిన్ ప్రీస్కూలు కేసు దీనికి పెద్ద ఉదాహరణ. 1983లో ఆ బడి సిబ్బంది మీద మొదలైన లైంగిక వేధింపుల ఆరోపణల్లో పిల్లల్ని జవాబు సూచించే ప్రశ్నలతో మళ్ళీ మళ్ళీ విచారించారు. విచారణ 1990 దాకా సాగినా ఒక్కరికీ శిక్ష పడలేదు. అసలు ఏం జరిగిందో పిల్లల మాటల్లోంచి వేరుచేయడం ఎవరికీ సాధ్యం కాకుండా పోయింది.

చేయాల్సింది: ‘అవునా, చెప్పు’ అనండి. చెప్పాక ‘తర్వాత?’ అనండి. ఈ రెండు మాటలే. అయిపోయాక ‘చెప్పి మంచి పని చేశావు’ అనండి. పక్కకు వెళ్ళి పిల్ల అన్న మాటలు ఆమె మాటల్లోనే, మీరు అడిగినది కూడా కలిపి, తేదీతో రాసిపెట్టుకోండి. ఆ రాత్రి మళ్ళీ అడగొద్దు, ఇంట్లో మరొకరి చేత అడిగించొద్దు. దెబ్బ గుర్తులుంటే ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. మామూలు తగువులైతే (లాక్కున్నాడు, గిల్లింది) మర్నాడు టీచర్‌తో నిదానంగా ‘మా పాప ఇలా అంది, మీరేమైనా గమనించారా?’ అంటే సరిపోతుంది. ఒళ్ళు తాకడం గురించిన మాటైతే బడితో బేరం పెట్టుకోకండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి లేదా పోలీసులకు చెప్పాలి. పిల్లల్ని లైంగిక నేరాలనుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు ఫిర్యాదు చేయడం తప్పనిసరి.

8. చెప్పడం రావట్లేదా, చెప్పడం ఇష్టం లేదా

ఇంట్లో బోలెడు మాట్లాడి బడి సంగతి మాత్రం చెప్పని పిల్ల గురించి దిగులొద్దు. అది స్వభావం. మూడేళ్ళు నిండినా రెండు మూడు మాటలు కలిపి వాక్యం చేయకపోవడం, నాలుగేళ్ళకు కూడా బయటివాళ్ళకు మాట అర్థం కాకపోవడం, వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, అంతకుముందు వచ్చిన మాటలు పోవడం, కళ్ళలోకి చూడకుండా తనలో తానే ఉండిపోవడం: వీటిలో ఏది ఉన్నా ఆగకూడదు. ముందు చెవి పరీక్ష. తరచూ జలుబు చేసి చెవి కారే పిల్లలకు సగమే వినపడొచ్చు, అప్పుడు చెప్పేదీ సగమే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల్ని చూస్తాయి. అవసరమైతే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు, ఖర్చు ఉండదు. బృందం ఎప్పుడొస్తుందో టీచర్‌నో ఏఎన్ఎంనో అడిగి, ఆ రోజు పిల్లను తప్పకుండా పంపండి. ‘వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి’ అని ఏడాది వాయిదా వేయడం వల్ల పిల్ల నష్టపోతుంది.

9. వారానికో వాక్యం

ఒక పాత డైరీ తీసుకోండి. వారానికి ఒక్క వాక్యం, పిల్ల అన్నది అన్నట్టు, తేదీతో. ‘జూన్ 20: అన్నం తింటాం, బజ్జుంటాం.’ ‘సెప్టెంబరు 12: నిన్న కోతి వచ్చింది, టీచర్ తలుపేసింది.’ ‘జనవరి 9: మేం చేతులు కడుక్కుని, ప్లేటు తెచ్చుకుని కూచున్నాక, సీతకు ప్లేటు లేదని నాది ఇచ్చా.’ వ్యాఖ్యానం రాయొద్దు, మార్కులు వేయొద్దు. మూడు నెలలకోసారి టీచర్‌కు చూపించండి. తరగతిలో పాతికమందిని చూసే ఆమెకు ఈ పిల్ల ఇంట్లో ఏ మాట ఎలా వాడుతోందో తెలుసుకునే దారి వేరే లేదు. ‘సీతకు ప్లేటు ఇచ్చిన సంగతి నేను చూడనే లేదండీ’ అని ఆమె అంటే, ఆ మాట ఇంటికొచ్చి పిల్లతో చెప్పండి.